వగరు పండ్ల దండ

ఆ ఏడు సెప్టెంబరు మొదలయ్యేనాటికి నా చేతిలో ఉన్నదేమిటో ముందు చెబుతాను. లక్షా ఎనభై వేల కిలోమీటర్లు తిరిగిన ఒక చిన్న వ్యాను. మా లోయలోని పదకొండు క్లినిక్కులకు సూదులు, దూది, గ్లవ్సులు, బీపీ పట్టీలు అందించే వ్యాపారం. ఆ పదకొండింటిలో నాలుగు క్లినిక్కుల డాక్టర్లు డెబ్బై దాటినవాళ్లు, వాళ్ల వెనక వచ్చేవాళ్లు లేరు. అంటే నా బుట్టలో నాలుగు పండ్లు అప్పటికే మెత్తబడ్డాయన్నమాట. ఇంట్లో భార్య ఫుమియె. ఆమె అన్న ఇసొబె డాక్టరుగారికి నా మాట మీద ఉన్న గురి. ఇక మా అమ్మ తొవా, డెబ్బై తొమ్మిదేళ్లది, ఆమె కుడిచెయ్యి.

చెయ్యిని విడిగా ఎందుకు లెక్కపెట్టానంటే, మా ఇంట్లో దాని విలువ అలాంటిది. మా పెరట్లో రెండు వగరు పెర్సిమన్ చెట్లున్నాయి. ఆ పండును చెట్టు మీదనుంచి కోసి కొరికితే నాలుక మొద్దుబారిపోతుంది. తొక్క తీసి, తొడిమకు దారం కట్టి, మరిగే నీళ్లలో ఒక్కసారి ముంచి, చూరు కింద నలభై రోజులు వేలాడదీస్తే మాత్రం, చలిగాలికి ఆ వగరే తీపవుతుంది. పైన తెల్లగా చక్కెర పూస్తుంది. అమ్మ నవంబరులో చాప మీద కూర్చుని రెండు వందల పండ్లకు తొక్క తీసేది. ఏ పండుకూ తొక్క మధ్యలో తెగేది కాదు, మొదటినుంచి చివరిదాకా ఒకటే పట్టీ. వాటిలో మంచివి ఇరవై ఏరి, దండ కట్టి, ఏడాది చివర డాక్టరుగారికి ఇచ్చేది. ఆయన ఆ ఊళ్లో బోర్డు పెట్టిన ఏటినుంచీ, ముప్ఫై నాలుగేళ్లుగా, ఆ దండ ఒక్కసారీ తప్పలేదు.

సెప్టెంబరు రెండో వారంలో నగరం నుంచి కుజే అనే మనిషి నా దగ్గరికొచ్చాడు. కొత్త మిషన్ అమ్మే కంపెనీ తరఫున. రోగులు కూర్చునే గదిలో పలకలాంటి కంప్యూటర్ ట్యాబ్లెట్ ఒకటి ప్రశ్నలు అడుగుతుంది. లోపల డాక్టరుతో మాట్లాడేది ఇంకొకటి వింటుంది, రికార్డు అదే రాస్తుంది, పాత కాగితాలన్నీ చదివి, మనిషి ఎలా ఉన్నదీ డాక్టరు ముందున్న తెర మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో చూపిస్తుంది. టౌను ఆఫీసు ఒక క్లినిక్కును ఎంచుకుని, అక్కడ మిషన్ బాగా పనిచేస్తే, లోయ మొత్తానికి డబ్బిస్తుంది. లోయ మొత్తానికి ఏజెన్సీ నాకు. ఎవరిని ఎంచుకోవాలో తేల్చడానికి డాక్టర్లందరికీ ఒక ఫారం పంపారు. కృత్రిమ మేధతో పనిచేయడానికి మీరు ఎంత సిద్ధంగా ఉన్నారు? ఒకటి నుంచి ఐదులోపు ఒక అంకెకు సున్నా చుట్టాలి.

మధ్యాహ్నం క్లినిక్కు మూసే వేళకు వెళ్లాను. ఇసొబెగారు స్టవ్ మీద కెటిల్‌లోంచి టీలోకి నీళ్లు వంచుకుంటున్నారు.

"బావగారూ, ముందు పెన్సిల్‌తో వేయండి. తరవాత సిరాతో దిద్దుకుందాం," అన్నాను.

ఆయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, కాగితం ముక్కుదాకా తెచ్చుకుని చదివి, రెండుకు సున్నా చుట్టారు.

"రెండా!"

"ఒకటే వేద్దామనుకున్నాను. నీ మొహం చూసి ఇంకోటి కలిపాను."

"రాసే పనంతా అదే చేస్తుందండీ. ఆదివారాలు కూడా ఈ కాగితాల మీద పడి కళ్లు పోగొట్టుకుంటున్నారు. దానికి మీకున్న ఇబ్బందేమిటి?"

"నేను సిద్ధమే షిగేనొరీ. మనవాళ్లే కారు." ఆయన టీ ఊదుకున్నారు. "మన లోయలో ప్రశ్న అడిగితే ఎవడు నిజం చెబుతాడు? 'ఎలా ఉన్నారు' అంటే 'మీ దయ వల్ల బాగున్నాను' అంటారు. మొన్న గెన్‌జో, రంపం కోసేసిన కాలితో వచ్చి అదే మాట అన్నాడు. నేల మీద రక్తం, నోట్లో నా దయ! వాళ్లు టోపీ తీసేటప్పుడో, చొక్కా బొత్తాం పెట్టుకునేటప్పుడో నాకు జబ్బు కనిపిస్తుంది. మీ అమ్మనే తీసుకో. ఇన్నేళ్లలో ఒక్క నొప్పి నోటితో చెప్పిందా? నేను ఆవిడ పండ్లు చూస్తాను. తొక్క తీసిన తీరు చూస్తే చెయ్యెలా ఉందో, కన్నెలా ఉందో తెలిసిపోతుంది. చేతిలోంచి వస్తువులు జారుతున్నాయా అని మీ మిషన్ అడుగుతుందా?"

"లేకపోతే చేర్పిస్తాను."

అది వ్యాపారి జవాబు. కానీ నిజంగానే చేర్పించాను. ఆ సంగతి తరవాత వస్తుంది.

ఆయన కప్పు కింద పెట్టి, "ఇదుంటే కుర్ర డాక్టరెవడైనా ఇక్కడికి వస్తాడంటావా?" అని అడిగారు.

"ఇది లేకపోతే మాత్రం రాడు."

అది ఆయనకు తగిలింది. ఫారం నాకే ఇచ్చి పంపేయమన్నారు. సిరా సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. వ్యానులో కూర్చుని రబ్బరుతో రెండు తుడిపేసి నాలుగుకు సున్నా చుట్టాను. ఐదు వేస్తే ఎవరూ నమ్మరు. నాలుగు అమ్ముడుపోయే అంకె.

పది రోజుల్లో ఇసొబె క్లినిక్కును ఎంచుకున్నారు.

నవంబరులో పండ్లు కోశాం. ఆ ఏడు విరగకాసింది. అమ్మ ఎప్పటిలాగే చాప పరుచుకుని కూర్చుంది. నేను పక్కగదిలో కుజే పంపిన కాగితాలు చదువుకుంటున్నాను. నా చెవికి ఒక శబ్దం అలవాటు: కత్తి పండు చుట్టూ తిరిగే సన్నని గీరుడు, ఆ తరవాత తొక్క పట్టీ బుట్టలో పడే మెత్తని చప్పుడు. ఆ రోజు గీరుడు మధ్యమధ్య ఆగిపోతోంది. కాసేపటికి కత్తి నేల మీద పడింది.

"అత్తయ్యా, ఇవాళ్టికి చాలు. మిగతావి నేను చూస్తాను," అంది ఫుమియె.

"నువ్వు చూస్తే పండు పోయి గింజ మిగులుతుంది," అంది అమ్మ. "ఒరే షిగే, ఈ కత్తి మొద్దుబారి చచ్చింది. పదును పెట్టు."

పదును పెట్టాను. వెంట్రుక తెగేలా పెట్టాను. మర్నాడు కూడా తొక్క ముక్కలు ముక్కలుగానే వచ్చింది. మొదటి రోజు కత్తిది తప్పన్న అమ్మ, రెండో రోజు పండుది తప్పంది. "ఈ ఏడు పండు కాదు, రాయి." మూడో రోజుకు ఎనభై పండ్ల దగ్గర ఆపేసి, "ఇన్ని చాలు. తినేదెవరు?" అని చాప చుట్టేసింది.

ఆ రాత్రి భోజనం దగ్గర అమ్మ ఎడమచేత్తో గిన్నె పట్టుకుని, గిన్నెకే నోరు ఆనించి సూపు తాగింది. ఫుమియె నా వైపు చూసింది. వంటింట్లో నా వెనకే వచ్చి, "అన్నయ్యకి చెప్పనా?" అంది.

"మందులకి వచ్చే నెల పదిహేనున వెళుతుంది కదా. ఆయనే చూస్తారు."

"నెల రోజులు ఆగడమెందుకు?"

"ఇప్పుడు ఆయనకి ఈ మిషన్ తలనొప్పి చాలు. చలికి వేళ్లు బిగుసుకున్నాయి, అంతే. నావీ బిగుసుకున్నాయి."

నా వేళ్లు బాగానే ఉన్నాయి.

డిసెంబరు ఒకటిన క్లినిక్కులో మిషన్ పెట్టారు. ఫుమియె పొద్దుటిపూట అక్కడ కౌంటరులో కూర్చుంటుంది. మొదటి వారం ఆమె చెప్పిన కబుర్లకు ఇంట్లో నవ్వలేక చచ్చాం. గెన్‌జో ట్యాబ్లెట్‌ను చేతికిస్తే దానికి వంగి దణ్ణం పెట్టాడట. 'నిద్ర సరిగా పడుతోందా' అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయి, పక్కనున్న ముసలామెను, "నువ్వేం నొక్కావు?" అని అడిగి, అదే తనూ నొక్కాడట.

"ఎవరికి వాళ్లు నిజం నొక్కాలి తాతా," అందట ఫుమియె.

"నేను నిజం చెప్పడానికొచ్చానా, మందు తీసుకోవడానికొచ్చానా? అవతల బస్సుకు టైమవుతోంది."

కుర్చీల్లో వరుసగా కూర్చున్న ఏడుగురూ ఒకే జవాబులు నొక్కారు. ఏడుగురూ ఆకుపచ్చే. అందరికంటే భిన్నంగా ఉండి డాక్టరుగారి టైము ఎక్కువ తినడం మా దగ్గర మర్యాద కాదు. ఇసొబెగారు మాత్రం మొదటి వారం తెర చూసి కూడా ఒక్కొక్కరినీ ఎప్పటిలాగే చేతులు పట్టి చూశారు. అలా చూసిన ప్రతిసారీ ఆకుపచ్చ సరిగ్గానే ఉంది. రెండో ఆదివారం ఆయన మధ్యాహ్నం దాకా పడుకున్నారని ఆయన భార్య ఫోనులో చెప్పింది. ఏళ్ల తరవాత పడుకున్నారట.

పదిహేనో తేదీన టౌను ఆఫీసు పెద్దలు ముగ్గురు, ఫొటో తీసేవాడొకడు, కుజే వస్తున్నారు. ముందుగా చూపించడానికి అందరికీ తెలిసిన ముసలి మనిషి ఒకరు కావాలి. నేనే అమ్మ పేరు చెప్పాను. ఎలాగూ ఆ రోజు ఆమె వెళ్లాల్సిందే, ఎలాగూ దండ ఇవ్వాల్సిందే. ఫొటోలో బాగుంటుంది.

ముందురోజు మధ్యాహ్నం చూరు కిందికి వెళ్లి, అమ్మ ఏరి గుడ్డలో చుట్టి పెట్టిన దండ విప్పి చూశాను. వ్యాపారం చేసేవాడికి సరుకు చూడగానే తెలుస్తుంది. సగం పండ్లకు ఒక పక్క తొక్క మిగిలిపోయి, ఎండి తోలులా బిగుసుకుంది. ఇంకో పక్క గాటు గింజదాకా దిగి నల్లబడింది. చక్కెర ఎక్కడా సరిగా పూయలేదు. బజారులో వెల కట్టకుండా పక్కన పడేసే సరుకు అది. ఫొటో తీసేవాడి ముందు, ముగ్గురు పెద్దల ముందు, అది మా ఇంటినుంచి వచ్చిందని చూపించడమా?

నా ఖాతాదారులకు ఏడాది చివర ఇచ్చేందుకు ఒక తోటనుంచి తెప్పించిన పెట్టెలు షెడ్డులో ఉన్నాయి. ఒక పెట్టె విప్పి ఇరవై పండ్లు తీశాను. ఒక్కోటి బొద్దుగా, తెల్లగా, అద్దంలా ఉంది. అమ్మ వాడే జనపదారంతోనే దండ కట్టాను. అమ్మ దండను షెడ్డు మూల మేకుకు తగిలించాను. అదే గుడ్డలో ఈ దండను అమ్మ చుట్టినట్టే చుట్టి, ఉన్న చోటే పెట్టాను. పావుగంట పని. ఆ పావుగంటలో నాకు తప్పు చేస్తున్నట్టు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. ఇల్లు ఊడ్చినట్టు అనిపించింది.

మర్నాడు క్లినిక్కులో అమ్మ మంచి కోటు వేసుకుని కుర్చీలో కూర్చుంది. పెద్దలు ముగ్గురూ గోడవారగా నిలబడ్డారు. వాళ్లకు పదకొండూ నలభైకి రైలుంది. కుజే ట్యాబ్లెట్ ఆమె ఒడిలో పెట్టాడు. నేను పక్కన మోకాళ్ల మీద కూర్చుని ప్రశ్నలు చదివి వినిపిస్తున్నాను. తల తిరుగుతోందా? లేదు. ఆకలి బాగుందా? ఉంది. కుడిచెయ్యి కోటు జేబులోనే ఉంచుకుని ఎడమచేతి వేలితో నొక్కుతోంది. చలి కదా అనుకున్నాను.

"గత నెల రోజుల్లో చేతిలోంచి వస్తువులు జారిపోయాయా?" అని చదివాను. నేను చేర్పించిన ప్రశ్న. దాని కింద 'అవును', 'లేదు'.

"ఈ వయసులో చేతిలోంచి ఏది జారినా పరవాలేదు, నోరు జారకపోతే చాలు," అంది అమ్మ. పెద్దలు హాయిగా నవ్వారు. ఫొటో తీసేవాడు రెండు ఫొటోలు తీశాడు.

ఆ నవ్వుల చాటున ఆమె నా వైపు వంగింది. వేలు తెర మీద, రెండు మాటల మధ్యన ఆగి ఉంది.

"ఏది నొక్కితే నీకు మంచిది షిగే?" అని మెల్లగా అడిగింది.

'అవును' అంటే తెర పసుపవుతుంది. పసుపైతే లోపల అరగంట పరీక్ష. ఆకుపచ్చ చూడ్డానికి వచ్చినవాళ్లు రైలు టైము చూసుకుంటున్నారు.

"'లేదు' నొక్కమ్మా. ఇది ఊరికే చూపించడానికే. అసలు పరీక్ష బావగారు లోపల చేస్తారుగా."

నొక్కింది.

లోపల ఇసొబెగారి తెర మీద ఆకుపచ్చ. అమ్మ వెళ్లి కూర్చోగానే ఆయనకో అలవాటుంది, రెండు వేళ్లు చాచి, "గట్టిగా పట్టుకోండి చూద్దాం" అంటారు. ఆ రోజూ చెయ్యి లేపారు. "డాక్టరుగారూ, ఒక్కసారి తెర వైపు చూడండి," అన్నాడు ఫొటో తీసేవాడు. ఆయన తెర వైపు చూశారు. తరవాత బల్ల మీది గుడ్డ విప్పారు. దండ ఎత్తి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ఒక్కో పండూ తిప్పి చూశారు. ఆయన మొహంలో ఒక బరువు దిగడం నేను గుమ్మం దగ్గరనుంచి చూశాను.

"చెక్కుచెదరలేదు తొవాగారూ. అదే చెయ్యి!"

అమ్మ ఆ పండ్ల వంక చూసింది. ఆ తరవాత గుమ్మం దగ్గర నిలబడ్డ నన్ను చూసింది. రెండు రెప్పపాట్లు.

"మీ దయ వల్ల," అని వంగి దణ్ణం పెట్టింది.

చాచబోయిన వేళ్లతో ఆయన మందుల చీటీ రాశారు. పెద్దలకు రైలు అందింది.

వ్యానులో తిరిగి వస్తుంటే వంతెన దాటాక అమ్మ అంది, "పండ్లు బాగున్నాయి. ఏ తోటవి?"

చెప్పాను.

"నీకు ఒంటిముడి తప్ప చేతకాదు. నేను జంటముడి వేస్తాను. ఆయన చూడలేదులే."

"అమ్మా, అంతమంది ముందు..."

"నేనేమన్నా అన్నానా? ఆయన ముందు నీ మాట పోకూడదు. నావేం చేశావు?"

"షెడ్డులో ఉన్నాయి."

"పారెయ్యకు. బాగున్నవి నేను ఏరుకుంటాను."

జనవరి తొమ్మిదిన పొద్దున్న మంచు ఎక్కువగా కురిసింది. ఏడున్నరకు ఫుమియె కేక విని వెళ్లాను. అమ్మ పరుపు అంచున కూర్చుని ఉంది. ఎడమకాలికి మేజోడు ఉంది. రెండోది ఒళ్లో ఉంది. నోరు ఒక పక్కకు జారింది. మమ్మల్ని చూసి ఏదో చెప్పబోయింది, గాలి మాత్రమే వచ్చింది. చెప్పలేకపోయినందుకు సిగ్గుపడ్డట్టు ఎడమచేత్తో నోరు కప్పుకుంది.

అంబులెన్సుకు గంట పట్టింది. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ మెదడు స్కాన్ చిత్రం మీద రెండు చిన్న మచ్చలు చూపించింది. "ఇవి పాతవి. రెండు నెలల కిందటివి కావచ్చు. ఇలా చిన్న పక్షవాతాలు వచ్చినప్పుడు చెయ్యి పట్టు తప్పడం లాంటిదేదో కనిపించి ఉండాలి. అప్పుడే మందు మొదలుపెడితే చాలావరకు పెద్దది రాకుండా ఆపుతాం. ఎవరూ గమనించలేదా?"

వరండాలో ఫుమియె నన్ను అడిగింది, "పదిహేనున అన్నయ్య చెయ్యి పట్టి చూశాడా?"

"మిషన్ చూసింది."

"నేను అడిగింది అన్నయ్య సంగతి."

నేను వ్యాను తాళాలు వెతుక్కున్నాను.

వారం తరవాత కుజే పండ్ల బుట్ట పట్టుకుని ఓదార్చడానికొచ్చాడు. మంచివాడు, నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. కళ్లు తుడుచుకుని సంచిలోంచి కాగితం తీసి, ఎప్పటిలాగే నన్ను ఇంటిపేరుతో పిలిచాడు. "కుసకబెగారూ, మీకు మనశ్శాంతిగా ఉంటుందని రికార్డంతా చూశాను. పద్నాలుగు ప్రశ్నలు, పద్నాలుగు జవాబులు. చెయ్యి ప్రశ్న కూడా అడిగింది. 'లేదు' అని ఉంది. మిషన్ వైపునుంచి పొరపాటేమీ లేదు. ఇక్కడొక సంతకం..."

అతను అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. అది అడగాల్సిందే అడిగింది. సంతకం పెట్టాను.

ఇసొబెగారు వచ్చింది ఆ మర్నాడు. నేను షెడ్డులో పెట్టెలు సర్దుతున్నాను. గుమ్మంలో బూట్ల మంచు దులుపుకుని లోపలికొచ్చి, నాతో మాట్లాడబోయి, మూల మేకు వైపు చూసి ఆగిపోయారు. నడిచి వెళ్లి దండ కింద నిలబడ్డారు. వేలితో ముడి తడిమారు. జంటముడి.

"ఇవి ఎవరు చేసినవి?" అని అడిగారు. తెలిసే అడిగారు.

"అమ్మ."

"ఎప్పుడు?"

"నవంబరు మొదట్లో."

ఒక పండు తెంపారు. కళ్లజోడు తీసేసి, బొటనవేలితో దాన్ని చుట్టూ తడిమారు, గుడ్డివాడు మొహం తడిమినట్టు. "ఇటు పక్క కంటికి ఆనలేదు. ఇక్కడ వేళ్లు వదిలేశాయి. ఇక్కడ మళ్లీ పట్టుకుంది... మళ్లీ వదిలేసింది." ఒక్కో గాటు దగ్గరా ఆగారు. ఎనభై పండ్లు చెక్కిన మూడు రోజులూ ఆ ఒక్క పండు మీద చదివేశారు.

"నాకిచ్చినవి?"

"తోటవి."

ఆయన తిడతారనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆయన ఒక పెట్టె మీద కూర్చున్నారు.

"ఆ ఫారంలో నేనెంత వేశాను?"

"రెండు."

"నీ దగ్గరనుంచి వెళ్లేసరికి?"

"నాలుగు."

"తెలుసు. టౌను ఆఫీసువాళ్లు ఫోను చేసి, డాక్టరుగారు ఇంత సిద్ధంగా ఉన్నందుకు సంతోషం అన్నారు. అది నా అంకె కాదని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. నాకూ ఆదివారాలు పడుకోవాలని ఉంది షిగేనొరీ." పండును అరచేతిలో దొర్లించారు. "ఆ రోజు రెండు వేళ్లు చాచబోయాను. తెర పచ్చగా ఉంది కదా అనుకున్నాను. పండ్లు బాగున్నాయి కదా అనుకున్నాను. తెరను నమ్మలేదోయ్. నీ పండ్లను నమ్మాను. తెర ఒక్కటే ఉంటే ఆవిడ చెయ్యి పట్టి చూసేవాణ్ణి."

లేచి, ఆ పండు కోటు జేబులో వేసుకున్నారు. తలుపు దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు. అమ్మ మేజోళ్ల కోసం ఆసుపత్రినుంచి వచ్చిన ఫుమియె. ఎప్పటినుంచి నిలబడిందో తెలియదు. అన్నగారికి దారిచ్చి, నా వైపు చూడకుండా మేకు మీదనుంచి దండ తీసుకుని, రెండు చేతులా పట్టుకుని ఇంట్లోకి వెళ్లింది.

మార్చి ఆఖరుకు లెక్క చూసుకున్నాను. పదకొండింటిలో ఏడు క్లినిక్కులు మిషన్ తీసుకున్నాయి. ఏజెన్సీ నాదే. కొత్త వ్యాను కొన్నాను. మూతపడతాయనుకున్న నాలుగింటిలో మూడు నిలబడ్డాయి, నాలుగోది ఇసొబెగారిది. ఫిబ్రవరి ఆఖరుకు ఆయన బోర్డు దింపేశారు. ఆ గదుల్లోనే ఇప్పుడు మంగళవారం, శుక్రవారం ఒక కుర్ర డాక్టరు వస్తున్నాడు. మిషన్ ఉంది కాబట్టే వచ్చాడు, నేను చెప్పినట్టే. మర్యాదస్తుడు, తెర బాగా చదువుతాడు. లోయలో ఎవరికీ వైద్యం లేకుండా పోలేదు. ఈ మాట నేను చాలామందితో అన్నాను, అందరూ నిజమేనన్నారు.

ఖర్చు వైపు: ఇసొబెగారు మా ఇంటికి వస్తారు, అమ్మ గదిలోకి వెళతారు, ఆమె ఎడమచెయ్యి పట్టుకుని కూర్చుంటారు, వెళ్లిపోతారు. నన్ను బావమరిది వరసలో పలకరించడం మానలేదు. ఏదైనా కొనమని నేను చెబితే మాత్రం నవ్వుతారు. ఫుమియె కౌంటరు ఉద్యోగం మానేసి అమ్మను చూసుకుంటోంది. నాతో మాట్లాడుతుంది. కౌంటరు దగ్గర రోగులతో మాట్లాడినంత మర్యాదగా మాట్లాడుతుంది. పెరట్లో చెట్లకు ఈ ఏడూ చిగుళ్లొచ్చాయి.

నెలాఖరు శుక్రవారం అమ్మను కుర్రడాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. చక్రాల కుర్చీలో అదే కోటు. కుడిచెయ్యిని ఫుమియె జేబులో పెట్టి పంపింది, అది బయట ఉంటే అమ్మకు నచ్చదు. ట్యాబ్లెట్ ఒడిలో పెట్టాను. గెన్‌జో అవతలి కుర్చీలోంచి, "తొవా, ఏది నొక్కుతున్నావో నాకూ చెప్పు," అన్నాడు. అలవాటు కొద్దీ అన్నాడు. అని, నాలుక కరుచుకున్నాడు.

ఒక్కో ప్రశ్నా చదివాను. ఐదోదో ఆరోదో ఆ ప్రశ్న వచ్చింది. నా గొంతు బాగానే పలికింది. "గత నెల రోజుల్లో చేతిలోంచి వస్తువులు జారిపోయాయా?"

అమ్మ వేలు తెర మీదికి వచ్చి ఆగింది. ఈసారి అడిగితే చెప్పాల్సిన జవాబు నా దగ్గర ఉంది. మూడు నెలలుగా నోట్లోనే పెట్టుకుని తిరుగుతున్నాను. ఆమె నా వైపు చూస్తుందని చూశాను.

చూడలేదు. ఎడమచేతి వేలితో తనే 'లేదు' నొక్కింది. నొక్కి, వంకర పెదవితో నాకేసి నవ్వింది, నీ పని అయిందిలే అన్నట్టు.

తెర మీదికి తరవాతి ప్రశ్న వచ్చింది.